ఒకే కందకంలో రెండు దారులు

వెలుగు అనుకున్నదానికంటే ముందే వచ్చేసిందంటే ఎవరైనా సంబరపడతారు. నేను మాత్రం ఆ రోజు చీపురుపల్లిలో క్యారేజీ మూత కూడా తియ్యకుండా కూర్చుండిపోయాను.

కొత్తగా ఈ ఉద్యోగాల్లో చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికొస్తుంటారు. కాఫీ తాగాక "మేడమ్, మీ సర్వీసులో పెద్ద కేసేదైనా చెప్పండి" అంటారు. తుపాను కథ చెబుతాననుకుంటారు పాపం. తుపానులో చెప్పడానికేముంది? తీగలు తెగాయి, అతికించాం. మధ్యాహ్నం పూట కునుకు పట్టీ పట్టనట్టు ఉన్నప్పుడు నా కళ్ళ ముందుకొచ్చేది వేరే. అందులో ఏదీ చెడిపోలేదు. అంతా మరీ బాగా ఉందనే నాకు భయమేసింది.

రిటైరయ్యి ఏడాది దాటింది. అంతకుముందు విజయనగరంలో, ఫైబర్ కేబుళ్ళు వేసి కంపెనీలకి అద్దెకిచ్చే ఓ సంస్థలో పనిచేసేదాన్ని. ఫైబర్ అంటే వెంట్రుకంత గాజు పోగు. దాన్లోంచి వెలుగు వెళ్తుంది. ఆ వెలుగే మాటలూ బొమ్మలూ లెక్కలూ మోసుకెళ్తుంది. ఇన్నేళ్ళు ఆ పనే చేశాను గానీ, ఇప్పటికీ నాకది పూర్తిగా నమ్మబుద్ధి కాదు. విజయనగరం నుంచి శ్రీకాకుళం బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే, రోడ్డు పక్క మట్టి కింద నా వెలుగు నాకంటే ముందే వెళ్ళిపోతోంది కదా అనిపించేది. పైన ఆడవాళ్ళు ఊడుపులు ఊడుస్తుంటారు. గేదెలు పడుకుని నెమరేస్తుంటాయి. వాటి కిందనుంచి ఎవడిదో ముంబై బేరం పారిపోతుంటుంది. అలా అనుకుంటూ అనుకుంటూ దిగాల్సిన స్టాపు దాటిపోయిన రోజులు బోలెడు. కొన్నాళ్ళకి కండక్టర్లే నన్ను గుర్తుపట్టి ముందుగా లేపడం మొదలెట్టారు.

ఈ కథ శ్రీకాకుళంలో ఓ బట్టలకొట్టు మేడమీద మొదలైంది. కింద కొట్టు, పైన ముంబైకి చెందిన ఓ షేర్ల వ్యాపార కంపెనీ ఆఫీసు. కొట్టు షావుకారుకి ఆ ఆఫీసంటే ఎంతకీ తెగని ఆశ్చర్యం. "ఏటమ్మా, పైనోళ్ళు రోజంతా ఆ తెరల్లోకి సూస్తూ కూకుంటారు. ఒక్కటీ కొనరు, ఒక్కటీ అమ్మరు. ఇదేటి వ్యాపారం?" అని నేను మెట్లెక్కినప్పుడల్లా అడిగేవాడు.

నిజానికి వాళ్ళ పని చూడటమే. మార్కెట్ నడుస్తున్నంతసేపూ దేశం నలుమూలల నుంచీ కొనమనీ అమ్మమనీ ఆర్డర్లు వస్తుంటాయి. ఎవరో ఓ సున్నా ఎక్కువ కొట్టేస్తారు. ఎక్కడో ఓ ప్రోగ్రాం పూనకం వచ్చినట్టు కొంటూనే పోతుంది. అది చూసి టక్కున ఆపెయ్యాలి. ఆ 'ఆపు' అన్న మాట శ్రీకాకుళం నుంచి ముంబైలో ఉన్న కంప్యూటర్ల గిడ్డంగికి, అంటే మీరంతా క్లౌడ్ అనేదానికి, రెప్పపాటు కంటే ముందే చేరాలి. దారిలో ఎవరూ విప్పి చూడకుండా ఇక్కడ తాళం వేసి అక్కడ తియ్యాలి. అన్నిటికంటే ముఖ్యం, ఆ దారి ఎప్పుడూ మూసుకుపోకూడదు. అందుకే రెండు దారులు వేశాం. ఒకటి హైవే పక్కనుంచి విశాఖపట్నానికి, రెండోది పొందూరు, చీపురుపల్లి మీదుగా విజయనగరానికి. ఒకదాన్నొకటి ఎక్కడా తాకకూడదని ఒప్పందం.

ఆ కంపెనీలో ఈ దారుల భద్రత చూసే పెద్ద ఓ ఆడమనిషి. బరంపురంలో పుట్టి పెరిగిన తెలుగావిడ. ఒడియా యాసతో నెమ్మదిగా, ఒక్కో మాటా తూచినట్టు మాట్లాడేది. మొదటి మీటింగులోనే నాతో అంది: "మీ పటాలు నేను చూస్తాను. కానీ నాకు మీ మాట కావాలి. రెండు దారులూ ఒకేసారి పోయే వీలు ఎక్కడైనా ఉంటే ముందే చెప్పండి. ఒక్కసారి రెండూ పోయాయంటే శ్రీకాకుళం ఆఫీసు ఎత్తేసి హైదరాబాదు తీసుకెళ్ళిపోతారు. ఆ పైన నేను ఆపలేను."

ఆ ఆఫీసు పోతే ఎవరికేం పోతుందో నాకు తెలుసు. కిటికీ పక్క సీట్లో ఓ అమ్మాయి కూర్చునేది. శ్రీకూర్మం దాటి ఇంకా ముందుకెళ్తే సముద్రం ఒడ్డునున్న పల్లె వాళ్ళది. చేపల వేట కుటుంబం. మా వైపు అక్కని అప్ప అంటారు. మూడోసారి కలిసేసరికే నన్ను మేడమ్ అనడం మానేసి అప్పా అంది. వాళ్ళాయన అక్కడి చాలామంది లాగే గుజరాత్ పడవల మీదికి వెళ్ళేవాడు. ఏడాదిలో ఎక్కువ నెలలు అక్కడే.

"ఈ ఏడు ఎల్లొద్దన్నాను అప్పా," అంది ఓ రోజు టీ తాగుతూ. "నా జీతం వస్తన్నాది కదా, ఊర్లోనే తెప్ప మీదెల్లు అన్నాను. మొన్న ఇంటికొస్తే మా పాప ఆడ్ని సూసి ఎవరో సుట్టం అనుకుని నా ఎనక దాక్కున్నాది. ఆడు నవ్వీసినాడు గానీ, రేత్తిరి అన్నం తిన్నేదు."

చెప్పి టీ గ్లాసు కడిగి లోపలికెళ్ళిపోయింది. మీరు పెద్ద పెద్ద కంపెనీలకి పనిచేస్తున్నామనుకుంటారు. చివరికి మీ పని ఆగేది ఎవరో ఒకరి కంచం దగ్గర.

ఇక కందకాలు తవ్విన కంట్రాక్టర్ల గురించి చెప్పాలి. ఇద్దరు. హైవే దారి పెద్దాయనది, చీపురుపల్లి దారి చిన్నాయనది. పెద్దాయన భార్య చిన్నాయనకి సొంత అక్క. అంటే ఇద్దరూ బావా బావమరుదులు. కానీ వాళ్ళ మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. కారణం వింటే మీరు నవ్వుతారు. పెద్దాయన గృహప్రవేశం భోజనాల్లో చిన్నాయన్ని మొదటి బంతిలో కాకుండా రెండో బంతిలో కూర్చోబెట్టారట. పిల్లనిచ్చిన ఇంటివాణ్ణి రెండో బంతికి ఆపడమంటే మా వైపు మాటలా? చెయ్యి కడుక్కోకుండానే లేచి వెళ్ళిపోయాడు. ఏళ్ళు గడిచాయి. ఒకే టీకొట్టు దగ్గరికి కూడా ఇద్దరూ వెళ్ళేవారు కాదు.

మా ఆఫీసులో అందరం దాన్ని చూసి సంతోషించాం. రెండు దారులు దూరంగా ఉండాలంటే ఇంతకంటే పూచీ ఇంకేం కావాలి? ఒకడి పారతో ఇంకొకడు మట్టి కూడా తియ్యడు కదా. అలా ఇద్దరికీ చెరొక దారి అప్పగించి మేం హాయిగా ఉన్నాం.

పనంతా అయిపోయాక కొలతలు మిగిలాయి. చీపురుపల్లి స్టేషను దగ్గర మాకో చిన్న గది ఉండేది. పాసింజరు వస్తే కిటికీ రెక్కలు గడగడలాడేవి. ఆ గదిలో కూర్చుని శ్రీకాకుళం వైపు గాజు పోగులోకి ఓ వెలుగు చుక్కని వదులుతాను. అది వెళ్ళి, దారిలో ప్రతి అతుకు దగ్గరా కొంచెం కొంచెం వెనక్కి చూస్తూ, చివర తగిలి తిరిగొస్తుంది. ఎంతసేపటికి వచ్చిందో యంత్రం గీత గీసి చూపిస్తుంది. గాజులో వెలుగు నడక ఎప్పుడూ ఒకటే కాబట్టి, పట్టిన సమయం తెలిస్తే దారి ఎంత పొడుగో తెలిసిపోతుంది.

ఆ గీత చివర ముందే ఆగిపోయింది.

మళ్ళీ వదిలాను. మళ్ళీ అంతే. పటంలో ఉన్నదానికంటే దారి కొన్ని కిలోమీటర్లు తక్కువుంది. హైదరాబాదులో మా బాసుకి ఫోన్ చేసి చెప్పాను.

"సూపర్ కదా మేడమ్!" అన్నాడు. "ఆలస్యం ఇంకా తగ్గినట్టేగా. క్లయింటు పండగ చేసుకుంటాడు. రిపోర్టులో పైనే రాయండి."

ఆ తేడా మనిషికి తెలిసేది కాదు. సెకన్ని లక్ష ముక్కలు చేస్తే అందులో రెండు మూడు ముక్కలు. అయినా కాగితం మీద అంకె తగ్గితే మా వాళ్ళకి అదో సంబరం. ఫోన్ పెట్టేసి గీత వైపే చూస్తూ కూర్చున్నాను. పటం ప్రకారం ఈ తీగ నాగావళి దాటాక కరకట్ట ఎక్కి, ఓ ఊరి వెనకనుంచి పెద్ద చుట్టు తిరిగి పొందూరు వైపు పోవాలి. రెండు తీగలూ వేర్వేరు వంతెనల మీద నది దాటడం నేను కళ్ళారా చూశాను. మరి ఆ చుట్టు ఎక్కడికి పోయింది? వెలుగు తిరగలేదంటే తీగ తిరగలేదు. తీగ తిరగలేదంటే అడ్డంగా ఊళ్ళోంచి వెళ్ళింది. ఊళ్ళోంచి వెళ్తున్నది హైవే దారి ఒక్కటే. అంటే రెండూ ఒకేచోట ఉన్నాయి. అందుకే ఆ పూట క్యారేజీ మూత తియ్యలేదు.

మర్నాడు పొద్దున్నే శ్రీకాకుళంలో దిగి, ఆటోలో వంతెన దాటి, కరకట్ట మీద నడవడం మొదలెట్టాను. ఆశ్వయుజం ఎండ. ఏటి పొడుగునా రెల్లు పూసి ఉంది. నీళ్ళు ఓ పక్కకి ఒదిగిపోయి, మిగతాదంతా ఇసుక. ఇసుక మీద ఎవరివో ఆరేసిన చీరలు. గాలి వీచినప్పుడల్లా రెల్లంతా ఒక్కసారి వంగి లేస్తోంది. ఎందుకొచ్చానో మరిచిపోయి ఎంతసేపు నడిచానో నాకే తెలీదు. కాళ్ళకింద మట్టి చల్లగా తగిలాక స్పృహొచ్చింది. ఎక్కడా తవ్విన జాడ లేదు. కేబులు గుర్తు రాయి ఒక్కటీ లేదు. గరిక ఎప్పట్నుంచో పెరిగినట్టే ఉంది. ఇంత అందంగా ఉండాల్సిన చోటు కాదది. మట్టి రేగి ఉండాలి.

కట్ట దిగి ఊళ్ళోకి వెళ్ళాను. రోడ్డు పక్కనే పెద్దాయన ఇల్లు. ఇంటి ముందు రేకుల సావిడి, పక్కన జేసీబీ. సావిట్లో ఇద్దరు మొగాళ్ళు పక్కపక్కనే కూర్చుని చద్దన్నం, ఎండుచేపల కూర తింటున్నారు. ఒకరు బావ, ఒకరు బావమరిది.

నన్ను చూడగానే చిన్నాయన కంచం పట్టుకుని దిగ్గున లేచి గోడవైపు తిరిగి నిలబడ్డాడు. పెద్దాయన ముద్ద నోట్లో పెట్టుకుని ఆకాశంలోకి చూడటం మొదలెట్టాడు.

"మీ ఇద్దరికీ మాటల్లేవు కదా?" అన్నాను.

"నేవండి," అన్నాడు పెద్దాయన నోటినిండా అన్నంతో.

కుండ పట్టుకుని నిలబడ్డ పెద్దాయన భార్య పకపకా నవ్వేసింది. "మాటలు నేవు గానీ ముద్ద మాత్రం దిగుతన్నాది. కూకో అమ్మా. ఒరే, గోడతో ఏటి మాటాడతన్నావు, ఇటు తిరుగు."

అప్పుడు ఆవిడే అంతా చెప్పింది. ఇంటి ముందర మొగుడు తవ్వుతున్నాడు. ఇంటి వెనక కట్ట మీద తమ్ముడు తవ్వడానికొచ్చాడు. ఇన్నేళ్ళ తర్వాత తన పెరటి వెనకనుంచి నడుస్తూ, తల తిప్పి ఇంటివైపు చూడలేదట. అన్నం పంపిస్తే తిప్పి పంపాడు. మళ్ళీ పంపింది, మళ్ళీ తిప్పాడు. ఆ మర్నాడు వెళ్ళి జేసీబీ ముందు అడ్డంగా నిలబడింది.

"అక్క ఇంటెనకనుంచి దొంగలాగ ఎల్లిపోతావేట్రా అన్నాను. ఇలా ఎల్లిపోతే రేపు నేను సచ్చినా రావొద్దు అన్నాను. ఎండలో నిలబడి ఏడిసీసినాడమ్మా, అంత మనిషి." ఆవిడ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "సెయ్యట్టుకుని ఇంటికి లాక్కొచ్చినాను. మా ఆయన గోతిలో ఉన్నాడు. ఆడ్ని సూసి ఏటంటాడో అని ఆడి సెయ్యి ఒదల్నేదు."

"ఏమన్నారు?"

పెద్దాయన అన్నం మింగి నెమ్మదిగా చెప్పాడు. "ఏటంతాను మేడమ్. ఎండలో అంత సుట్టు ఎందుకురా, నా గోతిలోనే ఎయ్యి, సోటున్నాది అన్నాను."

ఇన్నేళ్ళ తర్వాత మొదటి మాట అదట. నా గోతిలో చోటుంది. ఇద్దరూ కలిసి ఓ పూటంతా పనిచేసి రెండు గొట్టాలూ పక్కపక్కన పడుకోబెట్టి మట్టి కప్పేశారు. ఎవరికీ చెప్పలేదు. రాజీపడ్డామని ఊళ్ళో చెప్పుకోడానికి సిగ్గు. పటం మార్చాలనే ఆలోచనే వాళ్ళకి రాలేదు.

నాకు ఏడుపొచ్చింది, ఇద్దర్నీ చెరో దెబ్బా వెయ్యాలనీ అనిపించింది. రెండూ ఒకేసారి.

"ఒకే గోతిలో ఉంటే, రేపు రోడ్డు వెడల్పు చేసేవాడు ఒక్క గుచ్చు గుచ్చితే రెండూ పోతాయి కదండీ!" అన్నాను.

చిన్నాయన ఇటు తిరిగాడు. "ఎలా పోతాయి మేడమ్? రెండూ ఒక్కసోట ఉంటే కాసుకోడం సులువు కదేటి. బావ ఇంటి ముందరే ఉన్నాయి. ఎవడు ముడతాడు?"

చూశారా, అతనికి అందులో తప్పు నిజంగా కనపడలేదు. తనవాళ్ళ గుమ్మం ముందుంటే భద్రంగా ఉన్నట్టే. మీరు ఎన్ని పుస్తకాలు చదివి వెళ్ళినా ఈ లెక్కకి జవాబు చెప్పడం కష్టం. ఈలోగా ఆవిడ నా ముందు కంచం పెట్టి అడిగింది, "మా తమ్ముడు సెప్పినాడు, ఇది మబ్బులోకి ఎల్తాదంట కదా. మబ్బులోకెల్లేదానికి మరి గొయ్యెందుకమ్మా?"

వెళ్ళేది మబ్బులోకి కాదు, ముంబైకి అని చెప్పాను. ఆవిడకి మబ్బే నచ్చింది. చద్దన్నం మాత్రం చాలా బాగుంది, అది ఒప్పుకోవాలి.

బస్సు కాంప్లెక్సులో బెంచీ మీద కూర్చుని హైదరాబాదుకి ఫోన్ చేశాను. మా బాసు వెంటనే గొంతు తగ్గించాడు. "వదిలెయ్యండి మేడమ్. మట్టి కింద ఉన్నది ఎవరు చూస్తారు? మీరు రిటైరయ్యే ముందు ఈ తలనొప్పి ఎందుకు?"

"మట్టి కింద ఉన్నది చూడటానికే నాకు జీతం ఇచ్చారు," అన్నాను. కోపంతో ఫోన్ పెట్టేశాను.

చెప్పేస్తే కంపెనీ భయపడి ఆఫీసు ఎత్తెయ్యచ్చు. చెప్పకపోతే ఏదో ఓ రోజు, మార్కెట్ మధ్యలో, రెండూ పోయి ఆఫీసు ఎలాగూ పోతుంది. ఎటు చూసినా ఆ కిటికీ పక్క అమ్మాయే కనిపించింది, వాళ్ళమ్మ వెనక దాక్కున్న పాపే కనిపించింది. బస్సులు వస్తున్నాయి, పోతున్నాయి. విజయనగరం బస్సు కండక్టరు నన్ను చూసి "రండమ్మా" అని కేకేశాడు. నేను చెయ్యూపి వెళ్ళిపొమ్మన్నాను. అప్పుడు బరంపురం ఆవిడకి ఫోన్ చేశాను.

అంతా చెప్పాను. ఆవిడ విని, "ఎందుకు కలిశాయి?" అని ఒక్కటే అడిగింది. రెండో బంతి నుంచి మొదలుపెట్టి, జేసీబీ ముందు నిలబడటం దాకా, నా గోతిలో చోటుందన్న మాట దాకా, ఏదీ దాచలేదు. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"మళ్ళీ తవ్వించండి," అంది చివరికి. "తవ్వాక నేనొస్తాను. మార్కెట్ నడుస్తుండగా, నేను చూపించినచోట ఒక తీగ కోసెయ్యాలి. హైదరాబాదులో ఇంకో జట్టుని సిద్ధంగా కూర్చోబెడతాను. శ్రీకాకుళంలో తెరలు ఆగాయంటే, పని ఆ జట్టుకే వెళ్ళిపోతుంది. మళ్ళీ తిరిగి రాదు."

కంట్రాక్టర్లు ఒప్పుకున్నారు. వాళ్ళు ఒప్పుకోవడం కష్టం కాలేదు, తలలు దించుకుని సరే అన్నారు. ఒప్పుకోనిది పెద్దాయన భార్య.

"కలిపింది నేను. ఇడదీస్తానంటే సూస్తూ ఊరుకుంటానేటి?" అని నడుముకి కొంగు బిగించింది.

"విడదీసేది తీగల్నేనమ్మా," అన్నాను బతిమాలుతూ.

కాసేపు నా మొహంలోకి చూసింది. "అయితే ఆడు కట్ట మీదే తవ్వుకోనీ. కానీ అన్నం ఏళకి ఇద్దరూ నా సావిట్లో ఉండాల. రాపోయారో, మీ తీగలు నేనే పీకీస్తాను."

చిన్నాయన కట్ట మీద తవ్వాడు. రాయి తగిలినచోట బావ తన జేసీబీ పంపాడు. రెల్లు పూలు రాలిపోయేదాకా పని సాగింది. కొత్త తీగ వేశాక చీపురుపల్లి గదిలో మళ్ళీ వెలుగు చుక్క వదిలాను. ఈసారి ఆలస్యంగా వచ్చింది. ఆ ఆలస్యం చూసి ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఆ పూట క్యారేజీ ఖాళీ చేశాను. దారి మారినప్పుడు తాళం మళ్ళీ కొత్తగా వెయ్యాల్సి వస్తే తెరలు కాసేపు ఆగిపోతాయి కాబట్టి, రెండు దారుల్లోనూ తాళాలు ముందే వేసి ఉంచే ఏర్పాటు విజయనగరంలో మా కుర్ర ఇంజినీరు చేశాడు.

పరీక్ష రోజుకి ముందు ఆ అమ్మాయి ఫోన్ చేసింది. "అప్పా, మావోడి జట్టంతా ఈ వారమే గుజరాత్ ఎల్లిపోతన్నారు. నన్ను కూడా టికెట్టు తియ్యమంటావా, వద్దా అని అడుగుతన్నాడు. ఏటి సెప్పమంటావు?"

పర్వాలేదు, ఉండమని చెప్పు అనాలని నోటిదాకా వచ్చింది. అనలేకపోయాను.

"పోనీలే అప్పా. నేనే ఆగమన్నాను," అంది. "జట్టు ఎల్లిపోనీ."

పరీక్ష రోజు సన్నగా జల్లు పడుతోంది. వాన అనేంత వాన కాదు. గాలిలో తేలుతున్న తడి. ఊరూ కట్టా నదీ అన్నీ ఒకే రంగులో కలిసిపోయి, ఎక్కడ నేల ఆగిందో ఎక్కడ నీరు మొదలైందో తెలియడం లేదు. బరంపురం ఆవిడ మామూలు నేతచీరలో, చెప్పులు చేత్తో పట్టుకుని బురదలో నడిచొచ్చింది. అటూ ఇటూ చూసి, సరిగ్గా పెద్దాయన సావిడి ముందర వేలు చూపించింది.

"ఇక్కడ. ఈయన తీగ."

మట్టి తీశారు. గొట్టం కోసి లోపలి నల్ల తీగ బయటికి లాగారు. కత్తెర పెద్దాయన చేతికిచ్చాం.

"నేనేనా?" అన్నాడు. "నా సేత్తో నేనేసిందండి ఇది."

"అందుకే మీరే," అంది ఆవిడ మెల్లగా.

చిన్నాయన దూరంగా కట్ట మీద, తన గుర్తు రాయి పక్కన ఒక్కడే నిలబడి ఉన్నాడు. తన తీగని తనే కాపు కాస్తానని పొద్దుట్నుంచీ కదల్లేదు. ఊరివాళ్ళు మాత్రం గొయ్యి చుట్టూ మూగారు. కోస్తే లోపలున్న వెలుగు బయటికొస్తుందని చూడాలని వాళ్ళ ఆశ. ఆ వెలుగు కంటికి కనపడదని చెప్పినా వినలేదు. నేను ఫోన్ చెవికి ఆనించుకుని నిలబడ్డాను. అవతల శ్రీకాకుళంలో ఆ అమ్మాయి, తెర ముందు. ఆమె ఊపిరి వినిపిస్తోంది. ఎప్పుడు కోస్తామో తనకి చెప్పొద్దని ముందే అనుకున్నాం.

పెద్దాయన లుంగీకి చెయ్యి తుడుచుకున్నాడు. తీగ కోశాడు.

ఏ వెలుగూ రాలేదు. తీగ చివర ఓ వానచుక్క నిలిచింది, అంతే. జనం "ఓస్, ఇంతేనా" అన్నారు. ఫోన్లో ఏ మాటా లేదు. నాకు ఆ జల్లూ ఆ మనుషులూ ఎక్కడో దూరంగా వెళ్ళిపోయినట్టయింది. ఇన్నేళ్ళు మట్టి కింద నేను ఊహించుకుంటూ వచ్చిన ఆ వెలుగు ఇప్పుడు ఎక్కడుంది? ఆగిపోయిందా? దారి తెలీక నిలబడిపోయిందా? అమ్మాయి మాట్లాడదేం?

"అప్పా," అంది చివరికి, విసుగ్గా. "ఎప్పుడు కోస్తారు? సూసి సూసి కళ్ళు మంటలెత్తిపోతన్నాయి."

బరంపురం ఆవిడ నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది. "ఏమీ తేడా లేదా అమ్మా?" అని అడిగింది.

"నేదండి. అన్నీ నడుస్తన్నాయి." అంతలోనే ఆ గొంతు మారిపోయింది. "కోసీసినారేటి?"

"కోసేశారు. నువ్వు పని చూసుకో అమ్మా. రేపూ ఇక్కడే. ఎల్లుండీ ఇక్కడే."

అవతలనుంచి నవ్వో ఏడుపో తెలియని చప్పుడొకటి వచ్చింది. నాకు మాత్రం ఏడుపే వచ్చింది, దాచుకోలేదు. వానలో ఎవరికి కనపడుతుందిలే.

సావిట్లోంచి పెద్దాయన భార్య గరిటె పట్టుకుని బయటికొచ్చింది. తెగిన తీగ వైపు చూసి, నా మొహం వైపు చూసి కంగారుపడింది. "ఏటైనాది అమ్మా? ఆగిపోనాదేటి ఆ ఎలుగు?"

"లేదమ్మా," అన్నాను కళ్ళు తుడుచుకుంటూ. "ఇక్కడ దారి మూసేశారని, మీ తమ్ముడి వైపునుంచి వెళ్ళిపోయింది."

ఆవిడ తలెత్తి కట్ట వైపు చూసింది. జల్లులో అతను ఇంకా అలాగే, రాయి పక్కన, తడిసి ముద్దయిపోయి నిలబడి ఉన్నాడు.

"మరి ఇంకా అక్కడేటి సేస్తన్నాడు వోనలో?" అంది. "కేకెయ్యండి ఆడ్ని. అన్నం సల్లారిపోతన్నాది. ఒకటే బంతి."